ఆ ఏడాది అక్కడ ఎన్నికే జరగలేదు

రాజకీయ నాయకుల శతజయంతి సంచికలు, సంస్మరణ ప్రచురణలు, పాఠాలు తయారుచేసే సంపాదకవర్గాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

‘1957 ఎన్నికల్లో కృష్ణా జిల్లా నుంచి శాసనసభకు ఘనవిజయం సాధించి’ లాంటి వాక్యం మీ చేతిలోని రాతప్రతిలో కనబడితే అక్కడే ఆగండి. ఆ ఏడాది కోస్తాలో గానీ రాయలసీమలో గానీ శాసనసభకు సాధారణ ఎన్నికలు జరగలేదు. ఆంధ్ర రాష్ట్రం 196 స్థానాలకు 1955లోనే ఎన్నికలు పూర్తిచేసుకుంది. 1957లో అసెంబ్లీకి ఓటేసింది తెలంగాణ ప్రాంతం ఒక్కటే, అదీ 105 స్థానాలకు. రెండు ప్రాంతాల సభ్యులూ కలిసి 301 మంది ఒకే సభగా కూర్చున్నారు. 1955లో గెలిచినవాళ్లు ఆ ఒక్క గెలుపుతోనే 1962 దాకా నెట్టుకొచ్చారు.

అంటే మీ నాయకుడు ఆ ఏడాది లోక్‌సభకు గెలిచి ఉండాలి, లేదా ఉప ఎన్నికలో గెలిచి ఉండాలి, లేదా 1955ను ఎవరో 1957గా ‘దిద్ది’ ఉండాలి. ఎక్కువసార్లు తేలేది మూడోదే. 1952, 57, 62 అన్న దేశవ్యాప్త వరస కంఠతా వచ్చినవారు 1955ను చూడగానే అచ్చుతప్పు అనుకుంటారు. తప్పు దిద్దబోయి ఒప్పును చెరిపేస్తారు.

నాయకుల జీవిత విశేషాల్లో దొర్లే తప్పుల్లో చాలా ఇలాంటివే. ఎవరూ కావాలని అబద్ధం రాయరు. అభిమాని పాత సంచిక చూసి రాస్తాడు, ఆ పాత సంచిక పుట్టినరోజు ప్రకటన చూసి రాసింది, ఆ ప్రకటన కుటుంబసభ్యుల జ్ఞాపకం మీద ఆధారపడింది. ఎన్నికల, శాసనసభల రికార్డులు వెతికి సరిచూసే పనిలో ఉన్నవాళ్లుగా మేము మిమ్మల్ని అడిగేది ఒకటే. ఒక్క విశేషణం రాయకముందే కాలపట్టిక వేయండి. తేదీ, జరిగిన సంగతి, ఏ సభ లేదా ఏ రాష్ట్రం, ఆ సంగతి ఎక్కడ చూశారు అని నాలుగు గడులు చాలు. నాలుగో గడి ఖాళీగా ఉన్న వరసను వ్యాసంలోకి రానివ్వకండి. ‘అందరికీ తెలిసిందే’ అని ఆ గడిలో రాయడం కుదరదు.

పట్టిక వేయడానికి ముందు పక్కన పెట్టుకోవాల్సినవి ఎన్నికల సంవత్సరాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ ఎన్నికలు 1962, 1967, 1972, 1978, 1983, 1985, 1989, 1994, 1999, 2004, 2009, 2014ల్లో జరిగాయి. లోక్‌సభకు 1957, 1962, 1967, 1971, 1977, 1980, 1984, 1989, 1991, 1996, 1998, 1999, 2004, 2009, 2014. ఈ రెండు వరసలూ ఎక్కడెక్కడ కలవవో చూడండి. 1971లోనూ 1977లోనూ మన దగ్గర అసెంబ్లీకి సాధారణ ఎన్నికలు లేవు. ‘1977లో జనతా ప్రభంజనంలో ఎమ్మెల్యే అయ్యారు’ అని ఆంధ్రప్రదేశ్ నాయకుడి గురించి రాస్తే అందులో రెండు తప్పులుంటాయి. ఎమ్మెల్యే ఎన్నిక లేదు, ఆ ప్రభంజనం మన దాకా రానూ లేదు. రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల, అక్కడ గెలిచిన జనతా అభ్యర్థి నీలం సంజీవరెడ్డి.

శాసనమండలికీ ఇలాంటి గీత ఉంది. ఆంధ్రప్రదేశ్ మండలి 1958 జూలైలో ఏర్పడింది, 1985 జూన్‌లో రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది. ఆ మధ్య 22 ఏళ్లలో రాష్ట్రంలో ఎవరూ ఎమ్మెల్సీ కాలేరు. ‘1991లో ఎమ్మెల్సీగా పెద్దల సభలో’ అని కనిపిస్తే, అది రాజ్యసభ అయినా అయ్యుండాలి, ఏదో కార్పొరేషన్ చైర్మన్ పదవి అయినా అయ్యుండాలి. ఇక వయసు. లోక్‌సభకూ అసెంబ్లీకీ కనీసం 25 ఏళ్లు, రాజ్యసభకూ మండలికీ 30 ఏళ్లు నిండాలి. పుట్టిన సంవత్సరంలోంచి తొలి గెలుపు సంవత్సరం దాకా లెక్కపెట్టి చూడండి. 23 వస్తే రెండింట్లో ఒకటి తప్పు. ఈ లెక్కకు అర నిమిషం పట్టదు గానీ చేసేవాళ్లు తక్కువ.

ఎన్నికల సంఘం ప్రతి సాధారణ ఎన్నికకూ వేసిన గణాంక నివేదికలో నియోజకవర్గం వారీగా అభ్యర్థుల పేర్లు, పార్టీలు, ఓట్లు ఉంటాయి. మొదటి ఆధారం అదే. కానీ దాన్ని గుడ్డిగా నమ్మినా బోల్తా పడతారు. ఉప ఎన్నికలు ఆ సంపుటాల్లో ఉండవు, వాటిని విడిగా వెతకాలి. పేర్లు ఇంగ్లిషులో ఒక్కోసారి ఒక్కోలా పడ్డాయి. ఇంటిపేరు ఓ ఎన్నికలో పూర్తిగా, మరో ఎన్నికలో పొడి అక్షరంగా, ఇంకోసారి అసలు లేకుండా కనిపిస్తుంది. ఒకే నియోజకవర్గంలో ఒకే పేరున్న ఇద్దరు పోటీచేసిన సందర్భాలూ ఉన్నాయి. పేరుతో వెతకడం మానేసి నియోజకవర్గంతో వెతకండి, తర్వాత పార్టీ, ఆ తర్వాత పేరు. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య పుట్టినప్పటి పేరు సుందరరామిరెడ్డి. కులసూచికను వదిలేసిన నాయకుల పేర్లు పాత కాగితాల్లో ఒకలా, తర్వాతి వాటిలో మరోలా ఉంటాయని గుర్తుపెట్టుకోవాలి.

1952, 1957 ఎన్నికల ఓట్లను ఇప్పటి ఓట్లతో పోల్చేటప్పుడు ఇంకో గుంట ఉంది. అప్పట్లో కొన్నిచోట్ల ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు. ఓటరుకు రెండు ఓట్లు. 1961 చట్టంతో ఈ పద్ధతి పోయింది. 1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారన్నది నిజమే, ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివితీరని నిజం. అయితే నల్లగొండ ద్విసభ్య స్థానం, నెహ్రూ పోటీచేసిన స్థానమూ అంతే. కాబట్టి ఆ పోలిక నిలుస్తుంది. కానీ అదే సంఖ్యను తీసుకెళ్లి ఈనాటి ఒంటి స్థానంలో వచ్చిన ఓట్ల పక్కన పెట్టి ‘ఇప్పటికీ చెరగని రికార్డు’ అంటే నిలవదు. ఆయన పార్టీ పేరు కూడా జాగ్రత్త. కమ్యూనిస్టు పార్టీపై హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం ఉండడంతో వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. రికార్డులో సీపీఐ అని వెతికితే దొరకరు.

‘ఎన్నిసార్లు గెలిచారు’ అన్నదీ ‘ఎన్ని సభల్లో ఉన్నారు’ అన్నదీ ఒకటి కాదు. కె.చంద్రశేఖరరావు కరీంనగర్ నుంచి 2004లో గెలిచారు, రాజీనామా చేసి 2006లో గెలిచారు, మళ్లీ రాజీనామా చేసి 2008లో గెలిచారు. గెలుపులు మూడు, లోక్‌సభ మాత్రం ఒకటే, పద్నాలుగోది. దీనికి ఎదురు లెక్క ఎన్టీఆర్‌ది. 1985లో గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడుచోట్లా గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. ఒకే సభ, ఒకే రోజు, మూడు గెలుపులు. అప్పట్లో ఒకరు ఎన్నిచోట్లయినా నిలబడవచ్చు. రెండు చోట్లకు మించకూడదన్న పరిమితి 1996 సవరణతో వచ్చింది. ఒకటికి మించి గెలిస్తే గడువులోగా మిగిలినవి వదులుకోవాలి, లేదంటే అన్నీ ఖాళీ అయినట్టే. అందుకే ‘గుడివాడ, హిందూపురం, నల్లగొండ ఎమ్మెల్యేగా పనిచేశారు’ అన్న వాక్యం తప్పు. గెలిచింది మూడు, ఆ అయిదేళ్లూ సభ్యుడిగా ఉన్నది ఒక్క హిందూపురానికే.

అదే ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా మూడుసార్లా నాలుగుసార్లా అన్న తగువు కూడా లెక్కించే పద్ధతిలోంచి పుట్టిందే. 1983 జనవరి 9న ప్రమాణం చేశారు. 1984 ఆగస్టు 16న పదవి పోయింది, నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. 1985 మార్చి 9న మధ్యంతర ఎన్నికల తర్వాత మరోసారి, 1994 డిసెంబరు 12న చివరిసారి. ప్రమాణాలు లెక్కిస్తే నాలుగు. ఎన్నికల్లో నెగ్గి రావడం లెక్కిస్తే మూడు. ఏది రాసినా ఫరవాలేదు, దేన్ని లెక్కపెట్టారో అదే వాక్యంలో చెప్పండి.

ఇక ‘తొలి’ అన్న మాట. మా చేతికి వచ్చే వ్యాసాల్లో ఎర్రసిరా ఎక్కువగా పడేది దీని మీదే. టంగుటూరి ప్రకాశం ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి కాదు. ఆయన 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి దాకా మద్రాసు ప్రధాని (అప్పట్లో ఆ పదవి పేరు అదే), 1953 అక్టోబరు 1 నుంచి ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. మద్యనిషేధం వివాదంలో 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంపై ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. 1955 మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి వచ్చారు. ఇటు హైదరాబాద్ రాష్ట్రంలో 1952 మార్చి నుంచి బూర్గుల రామకృష్ణారావు. రెండూ కలిసి 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అయినప్పుడు తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. బూర్గులను ‘తెలంగాణ తొలి ముఖ్యమంత్రి’ అని గౌరవంగా రాస్తుంటారు. ఆయన ఏలిన హైదరాబాద్ రాష్ట్రంలో మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడా ఉన్నాయి. ఆయన్ను పెంచబోయి ఆయన రాష్ట్రాన్ని తగ్గించినట్టవుతుంది.

పుట్టిన ఊరు ఏ జిల్లా అన్నది కూడా ఇంతే. ప్రకాశం 1872లో ‘గుంటూరు జిల్లా’ వినోదరాయునిపాలెంలో పుట్టారని వరసగా అచ్చవుతోంది. ఆ ఏడాది గుంటూరు జిల్లా అనేదే లేదు. పాత గుంటూరు జిల్లా 1859లో కృష్ణాలో కలిసిపోయింది, కొత్తది 1904లో ఏర్పడింది. ఆయన పేరుతో ఉన్న జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా మొదలై 1972లో పేరు మార్చుకుంది. పీవీ నరసింహారావు దత్తత వెళ్లిన వంగర పాత పుస్తకాల్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. తెలంగాణలో 2016లోనూ 2019లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ జిల్లాలు విడిపోయాయి. పాత పేరు, ఇప్పటి పేరు రెండూ రాయండి, ‘అప్పటి’, ‘ఇప్పటి’ అన్న మాటలు మరవకండి. నియోజకవర్గాలూ పుడతాయి, పోతాయి. పీవీ రెండుసార్లు గెలిచిన హన్మకొండ లోక్‌సభ స్థానం 2009 ఎన్నికల నాటికి పటంలో లేదు. పేరు మిగిలిన స్థానాల సరిహద్దులు కూడా 2008 పునర్విభజనలో మారాయి. ‘తాత గెలిచిన సీట్లోనే మనవడు’ అనే ముందు రెండు కాలాల మండలాలు పోల్చి చూడాలి.

పుట్టినతేదీ దగ్గర మన పంచాంగం ఓ చిన్న మెలిక పెడుతుంది. పాత కుటుంబాల్లో సంవత్సరం పేరు, మాసం, తిథి రాసుకున్నారు. ఇంగ్లిషు తేదీ తర్వాత బడిలో పడింది. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి ఒకే పేరు రెండు ఇంగ్లిషు సంవత్సరాలకు వర్తిస్తుంది. దామోదరం సంజీవయ్య పుట్టింది 1921 ఫిబ్రవరి 14న, పీవీ పుట్టింది 1921 జూన్ 28న. ఇంగ్లిషు లెక్కలో ఒకే ఏడాది. తెలుగు లెక్కలో సంజీవయ్యది రౌద్రి, పీవీది దుర్మతి. రౌద్రి అంటే 1920 అని గుడ్డిగా మార్చేస్తే సంజీవయ్య శతజయంతి ఏడాది ముందే జరిగిపోతుంది. జనవరి నుంచి ఉగాది లోపు పుట్టినవారి విషయంలో మాసం చూసి ఒకటి కలపాలి. బడి రికార్డుకూ జాతకానికీ పొంతన కుదరకపోతే రెండూ ఇచ్చి, ఏది ఎక్కడిదో చెప్పండి. నామినేషన్ పత్రాల్లో వాడిన తేదీ దాదాపు ఎప్పుడూ బడిదే.

పార్టీ పేర్లలో ‘కాంగ్రెస్’ అని ఒక్కమాటలో తేల్చడం కుదరని ఏళ్లు కొన్ని ఉన్నాయి. 1969లో చీలిక, 1978 జనవరిలో మరో చీలిక. 1978 ఫిబ్రవరి అసెంబ్లీ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్ హస్తం గుర్తుతో నిలబడింది, కాసు బ్రహ్మానందరెడ్డి వైపున్నది రెడ్డి కాంగ్రెస్. ఆ ఏడాది ‘కాంగ్రెస్ అభ్యర్థిగా ఓడిపోయి’ అంటే ఏ కాంగ్రెసో తెలియదు. మరీ చిక్కు 1971. తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో పదింటిని తెలంగాణ ప్రజాసమితి గెలిచింది. అదే ఏడాది ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అందుకని ఆ ఎంపీలు కొన్ని జాబితాల్లో కాంగ్రెస్‌గా, కొన్నింటిలో ప్రజాసమితిగా కనిపిస్తారు. గెలిచినప్పటి పార్టీ ఒక గడిలో, తర్వాతది పక్క గడిలో రాస్తే తగువు ఉండదు.

పదవుల పేర్లలో తూకం తప్పకూడదు. ఉప మంత్రి, సహాయమంత్రి, స్వతంత్ర హోదా సహాయమంత్రి, కేబినెట్ మంత్రి వేర్వేరు మెట్లు. ఉప ముఖ్యమంత్రి అన్న పదవి రాజ్యాంగంలో లేదు, ప్రమాణం మంత్రిగానే. 1952లో పార్లమెంటులో కమ్యూనిస్టు నాయకులను ‘ప్రతిపక్ష నేత’ అనడం వాడుకలో ఒప్పే గానీ, జీతం, హోదాలతో కూడిన చట్టబద్ధ పదవి 1977 చట్టంతో వచ్చింది. సుందరయ్య రాజ్యసభకు వెళ్లింది మద్రాసు రాష్ట్రం నుంచి. ఆంధ్ర రాష్ట్రం నుంచి అని రాస్తే, ఇంకా పుట్టని రాష్ట్రం ఆయన్ను పంపినట్టవుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవి అంకెల తప్పులు. వీటికంటే లోతైన తప్పు నాయకుడు ‘చేసిన’ పనుల దగ్గర వస్తుంది. ‘ముఖ్యమంత్రిగా పీవీ భూసంస్కరణలు అమలుచేశారు’ అన్న ఒక్క వాక్యాన్ని దగ్గరగా చూద్దాం.

పీవీ ముఖ్యమంత్రి అయింది 1971 సెప్టెంబరు 30న. సీలింగ్ (ఒక కుటుంబానికి ఉండగల భూమికి గరిష్ఠ పరిమితి) వస్తుందని తెలియగానే భూములు చేతులు మారకుండా ముందు బదిలీల మీద కట్టడి పెట్టారు, అది 1972 మే 2 నుంచి వర్తించింది. తర్వాత అసలు గరిష్ఠ పరిమితి బిల్లు. అయిదుగురు దాకా ఉన్న కుటుంబానికి నేల రకాన్ని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. 1971 జనవరి 24 తర్వాత రాయించుకున్న బదిలీలను సీలింగ్ తప్పించుకోవడానికి చేసినవిగా చూడాలన్న నిబంధన కూడా ఉంది. ఈలోగా 1972 అక్టోబరు 3న తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ప్రత్యేక ఆంధ్ర కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం రగిలింది, 1973 జనవరిలో పీవీ రాజీనామా చేశారు. బిల్లు 1973లో మొదటి చట్టంగా పుస్తకానికెక్కింది. అది అమల్లోకి వచ్చిన రోజు మాత్రం 1975 జనవరి 1. అప్పటికి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. కుటుంబాలు డిక్లరేషన్లు ఇవ్వడం, ట్రిబ్యునళ్లు విచారించడం, మిగులు భూమి తేల్చడం, పంచడం అన్నీ ఆ తర్వాతి పని, ఏళ్ల తరబడి సాగిన పని.

కాబట్టి పీవీ చట్టం తెచ్చారు అనండి, అది ఒప్పు, దానికి ఆయన చెల్లించిన మూల్యం కూడా రాయండి. అమలు చేశారు అంటే మాత్రం తప్పు. పందిరి వేసిన రోజును పెళ్లిరోజు అనరు కదా. ప్రకటన, ఆర్డినెన్సు, బిల్లు ప్రవేశం, సభ ఆమోదం, గవర్నరు లేదా రాష్ట్రపతి సమ్మతి, అమలు తేదీ నోటిఫికేషను, నిబంధనలు, క్షేత్రంలో పని, ఈ ఎనిమిది మెట్లలో మీ నాయకుడు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కుర్చీలో ఉన్నాడో గుర్తించాలి. చట్టం మొదటి పేజీలోనే సంఖ్య, సమ్మతి తేదీ ఉంటాయి. అమలు తేదీకి గెజిట్ చూడాలి.

మిగతా ఘనతలకూ ఇదే గిద్దె. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణకు ముందుంది 1989లో రాజ్యసభలో వీగిపోయిన 64వ సవరణ బిల్లు, అది రాజీవ్‌గాంధీ హయాంలోది. 73వది 1992 డిసెంబరులో పార్లమెంటు దాటి, 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, అప్పుడు పీవీ ప్రధాని. మన పంచాయతీరాజ్ 1959 నవంబరు 1న మొదలైంది. దేశంలో మొదటిది కాదు, రాజస్థాన్ అక్టోబరు 2నే నాగౌర్‌లో మొదలుపెట్టింది. ఎన్టీఆర్ ఆడపిల్లలకు ఆస్తిహక్కు ఇచ్చారనేటప్పుడు 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకే అది వర్తించిందన్న షరతును వదలకండి. ఊళ్లో ఆ చట్టం ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో ఆ ఒక్క షరతే చెబుతుంది. గ్రామాధికారుల రద్దు ఆర్డినెన్సు 1984 జనవరి 6న వచ్చింది. తెలంగాణ పాఠకులకు పటేల్ పట్వారీ అని, కోస్తా వారికి కరణం మునసబు అని రాయాలి. ఒకటే రాస్తే సగంమందికి ఎక్కదు.

ఓటములను దాచకండి. 1952లో అనంతపురంలో సంజీవరెడ్డిని ఓడించింది తరిమెల నాగిరెడ్డి, వరసకు ఆయన బావమరిది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో సంజీవరెడ్డి రెండో ప్రాధాన్యపు లెక్కింపులో గిరి చేతిలో ఓడారు, 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఆ ఓటమి లేకుండా ఈ ఏకగ్రీవానికి రుచి ఉండదు. (రాష్ట్రపతి ఎన్నికలో కనిపించే లక్షలు ఓటర్ల సంఖ్య కాదు, ఓట్ల విలువ. దీన్ని కూడా తికమక చేస్తుంటారు.) పీవీ 1984లో హన్మకొండలో బీజేపీ అభ్యర్థి చేతిలో ఓడి, మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తమ్మీద బీజేపీ గెలిచిన రెండు స్థానాల్లో ఒకటి హన్మకొండ. 1991 జూన్ 21న ప్రధాని అయ్యేనాటికి ఆయన ఏ సభలోనూ లేరు. ఆరు నెలల్లో సభ్యుడు కావాలి కాబట్టి నవంబరులో నంద్యాల ఉప ఎన్నిక. 1996లో నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురం కూడా గెలిచి బరంపురం ఉంచుకున్నారు. ఎన్టీఆర్ 1989లో కల్వకుర్తిలో ఓడారు. ఇవన్నీ ఉంటేనే వ్యాసం మనిషి గురించి రాసినట్టుంటుంది.

కేసులు, మచ్చల విషయంలో సంచికలు రెండే పనులు చేస్తాయి, పూర్తిగా వదిలేస్తాయి లేదా గుప్పిస్తాయి. ఆరోపణ, ఎఫ్ఐఆర్, అభియోగపత్రం, అభియోగాల నమోదు, శిక్ష, స్టే, కొట్టివేత ఇవి వేర్వేరు. పీవీపై జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీల ముడుపుల కేసు 1993 జూలై అవిశ్వాస తీర్మానం నుంచి పుట్టింది. 2000లో ప్రత్యేక కోర్టు దోషి అంది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. ఈ రెండూ రాయాలి, ఒకటి రాసి ఊరుకోకూడదు. ఆ కేసులోనే సభలో ఓటుకు రక్షణ ఉందన్న 1998 తీర్పును సుప్రీంకోర్టు ఏడుగురు సభ్యుల ధర్మాసనం 2024 మార్చిలో తోసిపుచ్చింది. 1991 ఆర్థిక సంస్కరణలకు మూడు పేజీలిచ్చి 1992 డిసెంబరు 6ను, అంటే బాబ్రీ మసీదు కూల్చివేతను, ఒక్క పంక్తిలో దాటేసే వ్యాసం ఎటు మొగ్గిందో పాఠకుడు ఇట్టే పసిగడతాడు.

ఈ తరం నాయకుల మీద రాసేవారికి అఫిడవిట్లు ఉన్నాయి, పాత తరానికి లేని వసతి. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల తర్వాత నామినేషన్‌తో పాటు చదువు, ఆస్తులు, అప్పులు, కేసులు ప్రమాణపూర్వకంగా చెప్పాలి. అయితే అది అభ్యర్థి స్వయంగా చెప్పుకున్నది. రిటర్నింగ్ అధికారి గడులు నిండాయా అని చూస్తారే గానీ నిజమా కాదా అని విచారించరు. ‘అయిదేళ్లలో ఆస్తి పదింతలు’ అని శీర్షిక పెట్టేముందు రెండు అఫిడవిట్లూ పక్కపక్కన పెట్టి సర్వే నంబర్లు, విస్తీర్ణం పోల్చండి. అవే ఎకరాలుండి మార్కెట్ విలువ పెరిగిందా, కొత్తగా కొన్నారా, భార్య లేదా భర్త పేరు మీదకు వెళ్లిందా, నిరుడు ఆధారపడినవారి జాబితాలో ఉన్న కొడుకు ఇప్పుడు జాబితాలో లేడా? మొత్తం అంకె ఇవేవీ చెప్పదు. చదువు గడి కూడా మూడు నాలుగు ఎన్నికలవి వరసగా చూడండి, కొన్ని డిగ్రీలు వస్తూ పోతూ ఉంటాయి.

తేదీల గురించి చివరిగా ఒకటి. దినపత్రిక ఆధారమైతే పత్రిక తేదీలోంచి ఒకరోజు తీసేయాలి, అర్ధరాత్రి మరణాలకు ఒక్కోసారి అదీ సరిపోదు. పోలింగు తేదీ, ఫలితం తేదీ, ప్రమాణం తేదీ మూడూ వేరు. చట్టం ప్రకారం ‘ఎన్నికైన తేదీ’ అంటే రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటించిన రోజు. సభ్యుల పరిచయ పుస్తకాలు పనికొస్తాయి గానీ అందులోని వివరాలు సభ్యులే నింపి ఇచ్చినవి. సభలో ఏమన్నారో కావాలంటే చర్చల సంపుటాలు చూడాలి, పాత తెలంగాణ కాగితాలకు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారం ఉంది.

ఇదంతా చేయడానికి మీకు వ్యవధి లేదని తెలుసు, జయంతి తేదీ ఎవరి కోసమూ ఆగదు. అందుకే ప్రూఫు ఆఖరి చూపులో కనీసం ఇవైనా వెతకండి: 1957, 1971, 1977 అంకెలు, 1985కీ 2007కీ మధ్య ఎమ్మెల్సీ అన్న మాట, ‘తొలి’ అన్న మాట, ‘అమలుచేశారు’ అన్న మాట. కనబడిన ప్రతిచోటా నాలుగో గడి నిండిందో లేదో చూసి, నిండకపోతే ఆ వాక్యం తీసేసి అచ్చుకు పంపండి. ఇప్పటికే అచ్చయిన సంచికలకు ఒక సవరణ చీటీ వేసి, గ్రంథాలయాలకు వెళ్లిన ప్రతుల్లో ముందుగా అతికించండి. మీ తర్వాత రాసేవారు చూసేది ఆ ప్రతులనే.

ఇట్లు,
ఎన్నికల, శాసనసభల రికార్డులు సరిచూసే పనిలో ఉన్న కొందరం